ఇన్సులిన్‌ను కించపరుచు ఎంజైము

మా శాఖలో ఒక మాటకు ఒకే మాట. ఇదేదో నీతివాక్యం అనుకునేరు, ఉత్తర్వు. ఇంగ్లీషులో ఉన్న ప్రతి మాటకూ తెలుగులో ఒక్కటే మాట ఉండాలనీ, అది ఆమోదిత పదపట్టికలో ఉన్నదే అయ్యుండాలనీ, సొంత తెలుగు వాడిన ఉద్యోగి సంజాయిషీ ఇచ్చుకోవాలనీ మా డైరెక్టరు గారు చార్జి తీసుకున్న వారంలోనే సంతకం పెట్టారు. అప్పటిదాకా మేం ఎవరికి తోచిన తెలుగు వాళ్లం మాట్లాడుకుంటూ హాయిగా బతికాం.

నా పేరు నల్లగట్ల యెషయా. ప్రజారోగ్య పరిభాషా అమలు శాఖలో రెండో తరగతి అనువాదకుణ్ణి. నాకు తెలుగంటే ప్రేమ, ఫైలంటే భయం. ఇరవై రెండేళ్లుగా ఈ రెంటి మధ్యా నలిగి జుట్టు నెరిసింది. ఆఫీసులో నన్ను మేష్టారూ అంటారు. నేనెప్పుడూ ఎవరికీ పాఠం చెప్పలేదు, చెప్పినా వినేవాళ్లు లేరు.

ఈ కథ అర్థం కావాలంటే మా దగ్గరున్న ఇంకో ఉత్తర్వు గురించి కూడా తెలియాలి. ఒకసారి తనిఖీకి వచ్చిన ఒక పెద్దాయన పేరు పక్కన టైపిస్టు 'గారు' కొట్టడం మరిచిపోయింది. దిద్దడానికి అనుమతి కావాలన్నారు. అనుమతి వచ్చేలోపు ఆయన వచ్చారు, చూశారు, వెళ్లారు, మా పై అధికారికి బదిలీ అయింది. అప్పట్నించీ పద్ధతి మారింది. ఏ కాగితం మీదైనా గౌరవం పెంచే సవరణ అయితే ఏ ఉద్యోగి అయినా, ఎవరి సంతకమూ లేకుండా, తన చేత్తో చేసెయ్యొచ్చు. తగ్గించే సవరణకు మాత్రం కమిటీ కూర్చోవాలి. మా మెట్ల పక్కన 'లిఫ్టు పనిచేయుట లేదు' అని బోర్డు ఉండేది. దాన్ని ఎవరో పోకిరీ 'లిఫ్టు గారు పనిచేయుట లేదు' అని దిద్దాడు. ఆ 'గారు' తియ్యాల్సిన కమిటీ ఇంకా కూర్చోలేదు. ఆరేళ్లయింది.

ఇక అసలు సంగతి. చక్కెర వ్యాధి గురించి ఆసుపత్రుల్లో అంటించే గోడపత్రిక ఒకటి నా బల్ల మీదికి వచ్చింది. మెడికల్ కాలేజీలో జీవరసాయన శాస్త్రం చెప్పే డాక్టర్ నఫీసా సుల్తానా గారు ఇంగ్లీషులో రాసిచ్చారు. అందులో ఒక ఎంజైము ప్రస్తావన ఉంది. మనం అన్నం తింటే ఒంట్లో ఇన్సులిన్ విడుదలవుతుంది, అది రక్తంలోని చక్కెరను సర్దుతుంది. సర్దేశాక దాన్ని ముక్కలు చేసి పంపెయ్యడానికి ఈ ఎంజైము ఉంటుంది. ఇంగ్లీషులో దానికి ఇన్సులిన్ డిగ్రేడింగ్ ఎంజైము అని పేరు.

పట్టిక తెరిచాను. డిగ్రేడ్ అన్న మాట మా పట్టికలోకి పోలీసు శిక్షణ పుస్తకం నుంచి వచ్చింది. ఖైదీలను కించపరచరాదు అన్న చోటు నుంచి. కాబట్టి డిగ్రేడ్ అంటే 'కించపరుచు'. ఇది తప్పని నాకు తెలుసు. పక్కన చీటీ రాసి అభ్యంతరం చెప్పాల్సింది. కానీ ఆ రోజు నాకు పంటినొప్పి, కుడి దవడ పూరీలాగా పొంగింది, మూడింటికి డెంటిస్టు దగ్గర వంతు ఉంది. పట్టికలో ఉన్న మాట వేసి లేచి వెళ్లాను. ఆ విధంగా గోడపత్రిక ఇలా అచ్చయింది: 'మన శరీరమునందు ఇన్సులిన్‌ను కించపరుచు ఎంజైము ఒకటి గలదు. పని పూర్తయిన పిదప ఇన్సులిన్ దానిచేత నిమిషాలలో కించపడుతుంది.'

గోడపత్రికలు ఎవరూ చదవరు. ఆ ధైర్యంతోనే మా శాఖ నడుస్తోంది. కానీ మా డైరెక్టరు శ్రీ పెనుమర్తి వరదరాజేశ్వరరావు గారు ఆ సోమవారం లిఫ్టు గారి ముందు నిలబడి, మీట నొక్కి, పద్ధతి ప్రకారం పది నిమిషాలు ఎదురుచూశారు. ఎదురుగా గోడ మీద మా పత్రిక ఉంది. వేరే పని లేక చదివారు.

నన్ను పిలిపించారు. వెళ్లేసరికి కళ్లద్దాలు తీసి తుడుచుకుంటున్నారు. ఆయన అంతకుముందు ఓడరేవుల శాఖలో పదకొండేళ్లు కష్టపడితే, రేవు పూర్తయిన మర్నాడే మా శాఖకు తోసేశారు. ఆ బాధ ఇంకా పచ్చిగానే ఉంది.

"పని పూర్తయిన పిదపనా, యెషయా గారూ?" అన్నారు మెల్లగా. "పని చేయించుకుని, ఆ మీదట కించపరచడమా?"

అది అలాంటి కించపరచడం కాదండీ అని చెప్పబోయాను. ఆయన చెయ్యి ఎత్తి ఆపి, ఆ మాట ఆమోదిత పట్టికలో ఉందా లేదా అని అడిగారు. ఉందన్నాను.

"అయితే నిజమే," అన్నారు.

నేను తలూపి బయటికి వచ్చాను. అప్పుడు నోరు విప్పి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. దవడ నొప్పి తగ్గిపోయింది కూడా. భయం తగ్గలేదు.

మధ్యాహ్నానికి ఫైలు పుట్టింది. మా సూపరింటెండెంటు కమలాకరం గారు ఫైళ్లు పుట్టించడంలో మంత్రసాని. ఆయన గోడపత్రికను మూడుసార్లు చదివి, 'ఇన్సులిన్ కించపడుతుంది' అని ఉంది కాబట్టి బాధితురాలు స్త్రీ అని తేల్చారు. మగవాడైతే కించపడతాడు అని ఉండేది కదా. మన భాషలో 'అది'కీ 'ఆమె'కీ క్రియ ఒకటేనండీ అని నేను గుర్తు చేశాను. అనుమానం ఉన్నప్పుడు గౌరవం వైపే మొగ్గాలని ఆయన అన్నారు. ఎంజైము కూడా కించపరుస్తుందనే అంటాం కాబట్టి ఆవిడా స్త్రీయే. ఇద్దరాడవాళ్లు ఒకే ఒంట్లో కాపురం, ఒకరు ఇంకొకరిని కించపరచడం. వీళ్లు అత్తాకోడళ్లు అయ్యుంటారా అని ఒక మూల రాసుకుని, కింద 'విచారించవలెను' అని గీత గీశారు.

మూడు రోజుల్లో ఇన్సులిన్ గౌరవ పరిరక్షణ విచారణ సంఘం ఏర్పడింది. డైరెక్టరు గారు అధ్యక్షులు, కమలాకరం గారు కార్యదర్శి, నేను భాషా సహాయకుణ్ణి. ముందుగా నఫీసా గారిని పిలిచారు. ఆవిడ పాపం రంగు రంగుల బొమ్మలు వేసుకుని వచ్చి గంటసేపు చెప్పారు. ఆ ఎంజైము అందరి ఒంట్లోనూ ఉండేదేనని, కాలేయంలో ఎక్కువనీ, మూత్రపిండాల్లో కూడా ఉంటుందనీ, అలా ముక్కలు చేసేవి లేకపోతే పొద్దున తిన్న ఇడ్లీకి వచ్చిన ఇన్సులిన్ ఒంట్లో తిరుగుతూనే ఉండి చక్కెరను కిందికి లాగి మనిషిని పడేస్తుందనీ చెప్పారు. అది చేసేది అవమానం కాదు, శుభ్రం చెయ్యడం అన్నారు.

కమలాకరం గారు శ్రద్ధగా రాసుకున్నారు. ఆవిడ వెళ్లాక చూస్తే ఆ కాగితంలో రెండే పంక్తులున్నాయి. ప్రధాన కార్యాలయం: కాలేయం. క్యాంపు కార్యాలయం: మూత్రపిండములు.

చిరునామా దొరికింది కాబట్టి నోటీసు తయారైంది. 'సదరు ఎంజైము ఏ అధికారముతో ఇన్సులిన్‌ను కించపరుచుచున్నదో మూడు దినములలోగా వ్రాతపూర్వకముగా తెలియజేయని యెడల ఏకపక్ష నిర్ణయము గైకొనబడును.' అందించడం ఎలా అన్నది తరువాతి సమస్య. నిందితురాలు బయటికి రాదు. ఆమె ఉంటున్న ఇంటికి, అంటే చక్కెర వ్యాధి ఉన్న ఎవరో ఒకరికి అందిస్తే చాలని తీర్మానించారు. అందరికంటే దగ్గరలో ఉన్న ఇల్లు మా క్యాంటీను సామ్రాజ్యం గారు.

సామ్రాజ్యం గారిది తెనాలి దగ్గర ఊరు. పందొమ్మిదేళ్లుగా మా ఆవరణలో క్యాంటీను నడుపుతోంది. ఆవిడ పునుగులు వేస్తుంటే మూడో అంతస్తులో ఫైళ్లు కదులుతాయి. నేను పిన్నిగారూ అంటాను. పదేళ్లుగా ఆవిడకు చక్కెర వ్యాధి, ఆరేళ్లుగా పూటపూటకూ ఇన్సులిన్. రోడ్డు దాటితే ప్రభుత్వాసుపత్రి, నెలనెలా అక్కడే సీసా తెచ్చుకుంటుంది.

అటెండరు నోటీసు తీసుకెళ్లాడు. కాలేయం మీద అంటించాలని ఆదేశం. కాలేయం ఎటువైపు ఉంటుందో తెలియక ఆవిడ చుట్టూ రెండుసార్లు తిరిగాడు. విషయం విన్నాక ఆవిడ నోటీసు అందుకుని, సంతకం పెట్టి, దాన్లో మిరపకాయ బజ్జీలు నాలుగు చుట్టి వాడికే ఇచ్చి పంపింది. నిందితురాలు నోటీసును అందుకుని నూనెతో తిప్పి పంపిందని కమలాకరం గారు ఫైల్లో రాశారు.

ఇంతవరకూ నవ్వుకున్నాం. నేనూ నవ్వాను. సామ్రాజ్యం గారైతే వచ్చినవాళ్లందరికీ చెప్పి మరీ నవ్వింది.

సోమవారం పొద్దున డైరెక్టరు గారికి ఒక ఆలోచన వచ్చింది. విచారణ ముగిసేదాకా బాధితురాలికి రక్షణ కల్పించాలి కదా. ఆసుపత్రి వాళ్లు రోజూ ఇన్సులిన్‌ను తీసుకెళ్లి సూదితో నేరుగా ఎక్కడికి పంపుతున్నారు? నిందితురాలు ఉన్న ఇంటికే. తెలిసి తెలిసీ బాధితురాలిని ఆ ఇంటికి పంపడం కంటే ఘోరం ఇంకొకటి ఉందా? కాబట్టి జిల్లాలోని ఆసుపత్రుల్లోనూ, మందుల షాపుల్లోనూ ఉన్న ఇన్సులిన్ యావత్తునూ ఎక్కడి ఫ్రిజ్జులో అక్కడే ఉంచి సీలు వేసి, ఒక్కో ఫ్రిజ్జుకు ఒక మహిళా హోంగార్డును కాపలా పెట్టాలని ఉత్తర్వు వెళ్లింది. పక్క జిల్లా నుంచి తెప్పించుకోవడానికి కూడా లేదు. బాధితురాలిని జిల్లా దాటించడం ఇంకా పెద్ద నేరమట.

ఆ సాయంత్రం సామ్రాజ్యం గారు టీ గ్లాసు నా ముందు పెట్టి అక్కడే నిలబడింది. ఎప్పుడూ నిలబడదు.

"మేష్టారూ, ఆస్పత్రోళ్లు మందు ఇయ్యం అంటన్నారు. లోపల చల్లగా కూర్చోబెట్టి తలుపుకి లక్క కొట్టారు. ఏందని అడిగితే మీ ఆఫీసు కాయితం చూపించారు," అంది.

సీసాలో ఎంత ఉందని అడిగాను. శుక్రవారం పొద్దుటికి సరిపోద్ది అంది. అది సోమవారం. ఆ మాట మామూలుగానే చెప్పింది, కానీ కొంగు చివర వేలికి చుట్టుకుంటోంది. రెండేళ్ల కింద ఒకసారి మందు తప్పితే ఆవిణ్ణి మేమంతా మోసుకుని రోడ్డు దాటించాం. ఆ రోజు నాకు గుర్తుంది, ఆవిడకూ గుర్తుంది. నాకు నిజంగా సిగ్గేసింది. నా దవడ నొప్పి ఆవిడ ప్రాణం మీదికి వచ్చింది.

మర్నాడు పొద్దున్నే డైరెక్టరు గారి గదికి వెళ్లి, ఆ మాట తప్పండీ, నేనే తప్పు వేశాను, మార్చేద్దాం అని చెప్పాను. ఆయన కోప్పడలేదు. కుర్చీ చూపించి, ఓపిగ్గా చెప్పారు.

"చూడండి. మాట తప్పైతే పట్టిక తప్పు. పట్టిక తప్పైతే దాన్ని ఆమోదించిన శాఖ తప్పు. శాఖ తప్పు చేయుట అన్నది నిబంధనల్లో లేదు. కావున మీరు తప్పు చేయలేదు, వెళ్లి నిశ్చింతగా పని చేసుకోండి."

ఇంతకంటే మర్యాదగా నన్నెవరూ ఎప్పుడూ ఓదార్చలేదు. బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను.

బుధవారం బహిరంగ విచారణ. సామ్రాజ్యం గారిని పిలిపించారు. సాక్షిగా కాదు, సంఘటనా స్థలంగా. నేరం జరుగుతున్నది ఆవిడ ఒంట్లో కాబట్టి. ఆవిడ కుర్చీ చుట్టూ సున్నంతో గీత గీశారు. విచారణ అయ్యేదాకా ఏమీ తినకూడదు, ఆధారాలు మారిపోతాయి అన్నారు. మందేసుకుని టిఫిను తినకపోతే కళ్లు తిరుగుతాయని ఆవిడ చెప్పబోతే, సంఘటనా స్థలం మాట్లాడరాదని కమలాకరం గారు ఆపారు. ఆవిడ కొంగులోంచి అరటిపండు తీసి, ఒలుచుకుని, సంఘం మొత్తం చూస్తుండగా నిదానంగా తినేసింది. తినవద్దని చెప్పాలంటే సంఘటనా స్థలంతో మాట్లాడాలి, అది నిబంధనల్లో లేదు.

నిందితురాలిని మూడుసార్లు పిలిచారు. రాలేదు. ఏకపక్షంగా తేల్చేద్దామనుకుంటుండగా నఫీసా గారు లేచారు. వారంగా ఆవిడ ఓపిక చచ్చిపోయినట్టుంది, గొంతు చాలా నెమ్మదిగా ఉంది. ఈ ఎంజైము చక్కెర వ్యాధి ఉన్నవాళ్లలోనే కాదు, ప్రతి మనిషిలోనూ ఉంటుందని మొదటి రోజే చెప్పానని గుర్తు చేశారు. కమలాకరం గారు తన కాగితం తీసి చూసుకున్నారు. అందులో లేదు.

"అంటే నాలో కూడానా?" అన్నారు డైరెక్టరు గారు.

"మీలోనూ ఉంది సార్. ఈ గదిలో అందరిలోనూ ఉంది. ఇప్పుడు కూడా దాని పని అది చేసుకుంటోంది."

గదిలో అందరూ ఎవరి పొట్ట వైపు వాళ్లు చూసుకున్నారు. కమలాకరం గారు మెల్లగా చొక్కా గుండీ పెట్టుకున్నారు.

మా డైరెక్టరు గారి గురించి ఎన్నయినా చెప్పుకోవచ్చు గానీ ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఆయన తనకో నీతి, ఊరికో నీతి అనే మనిషి కాదు. ఒక్క క్షణం కళ్లు మూసుకుని తెరిచి, ఉత్తర్వు చెప్పడం మొదలుపెట్టారు. నిందితురాలికి ఆశ్రయమిచ్చిన ఏ ఉద్యోగీ విచారణ ముగియువరకు కార్యాలయంలో ఉండరాదు, ఏ కాగితం మీదా సంతకం చేయరాదు. అధ్యక్షుడితో సహా. చెబుతూ చెబుతూనే లేచి, తన కుర్చీకి నమస్కారం పెట్టి, బయటికి నడిచారు. వెనకాల మేం నూట పన్నెండు మందిమీ నడిచాం.

గేటు దగ్గర కమలాకరం గారికి అనుమానం వచ్చింది. చార్జి ఎవరికి అప్పగించాలి? ఎంజైము లేని వ్యక్తి కావాలి. నఫీసా గారిని అడిగితే మనిషన్నవాడెవడూ దొరకడని చెప్పి ఆటో ఎక్కి వెళ్లిపోయారు. మనిషి కాకుండా మా ఆఫీసులో 'గారు' అనిపించుకుంటున్నది ఒక్కరే. సాయంత్రం అయిదింటికి శాఖ పూర్తి బాధ్యతలు లిఫ్టు గారికి అప్పగించబడినవి. చార్జి కాగితం తలుపు సందులోంచి లోపలికి తోశారు. అత్యవసర ఫైళ్లు కూడా తోశారు. ఫ్రిజ్జుల సీలు విప్పించండని నేను రాసిన అర్జీ వాటిల్లో అన్నింటికంటే పైన ఉంది. లిఫ్టు గారు అన్నీ తీసుకున్నారు. ఒక్కటీ తిరిగి ఇవ్వలేదు. మొదటి రోజే పాత డైరెక్టర్లందరితో సమానం అయిపోయారు.

గురువారం మేమంతా క్యాంటీను రేకుల కింద కూర్చున్నాం. ఆఫీసులోకి వెళ్లడానికి లేదు, ఇంటికి వెళ్తే హాజరు పోతుంది. కుర్రాళ్లు క్యారమ్స్ తెచ్చుకున్నారు. డైరెక్టరు గారు మూడో బల్ల దగ్గర పునుగులు తింటూ, తనలోని నిందితురాలికి తెలియకుండా తింటున్నట్టు అటూ ఇటూ చూస్తున్నారు. నా ప్లేటులో పునుగులు చల్లారిపోయాయి. రేపు పొద్దున్న ఒక్క పూటకే మందు ఉంది.

సామ్రాజ్యం గారు నా ప్లేటు చూసింది. ఎందుకు తినలేదని అడిగింది. ఎవరు ఎవర్ని కించపరుస్తున్నారో, మధ్యలో మీ ప్రాణం మీదికి వచ్చింది అని ఏదేదో గొణిగాను.

"ఎవరు ఎవర్ని తిడుతున్నారయ్యా నా ఒంట్లో? నేను ముద్ద తింటే ముద్ద అరిగిద్ది. మందేసుకుంటే దాని పని అయ్యాక మందూ అరిగిద్ది. అరిగేదాన్ని పట్టుకుని ఇంత రాద్ధాంతం ఏంది?" అంది గిన్నె కడుగుతూ.

అరుగుతుంది. అంతే. ఇరవై రెండేళ్ల అనువాదకుడికి తట్టని మాట గిన్నె కడిగే నీళ్లలోంచి వచ్చింది. ఇన్సులిన్‌ను అరగించు ఎంజైము. ఎంత చక్కటి మాట. కానీ పెట్టడం ఎలా? దిద్దుబాటుకు అనుమతి కావాలి, అనుమతి లిఫ్టు గారివ్వాలి. ఎవరి సంతకమూ అక్కర్లేని సవరణ మా శాఖలో ఒక్కటే ఉంది.

నేను లేచి ఆసుపత్రి వైపు పరిగెత్తాను. నా వయసులో అది పరుగంటే మీరు నమ్మాలి. ఫ్రిజ్జు ఉన్న గది గోడ మీద మా పత్రిక ఉంది. 'కించపరుచు' అన్నచోట గీత కొట్టి, నా ఎర్ర పెన్నుతో పైన రాశాను. 'ఆరగించు'. అ కాదు, ఆ. ఒక్క దీర్ఘం. కింది పంక్తి కూడా దిద్దాను. 'భోజన సమయమునందు ఇన్సులిన్‌ను ఎంజైము గారు ఆరగించెదరు.'

నా వెనకాలే కమలాకరం గారు ఆయాసపడుతూ వచ్చారు. ఎవరి అనుమతితో దిద్దారని అడిగారు. గౌరవం పెంచే సవరణ, అనుమతి అక్కర్లేదన్నాను. ఆయన గోడ దగ్గరికి వెళ్లి, ముక్కు ఆనించి చదివారు. ఎంజైము గౌరవం పెరిగింది, ఒప్పుకుంటాను, కానీ ఇన్సులిన్ మాటేమిటి, ఆమె ఇప్పుడు తిండి అయిపోయింది కదా అన్నారు. ఇరవై రెండేళ్లలో మొదటిసారి నాకు ఫైలు భాష నోట్లోంచి వచ్చింది. సామాన్యులు తింటే తిండి, పెద్దలు ఆరగిస్తే నైవేద్యం, నైవేద్యమైనది కించపడదు, ధన్యమవుతుంది, కావున ఉభయ పక్షముల గౌరవమూ పెరిగినది అని ఒక్క ఊపిరిలో చెప్పాను.

కమలాకరం గారు వేళ్ల మీద ఏదో లెక్క వేసుకున్నారు. పెరిగింది. అప్పుడు ఆయన ముఖంలో రంగు మారింది. ఆయన మా శాఖకు ప్రోటోకాల్ అధికారి కూడా. పెద్దలు ఆరగించే వేళకు వడ్డన లేకపోతే ఏమవుతుందో ఆయనకు బాగా తెలుసు. వెనకటికి ఒక పెద్దాయన భోజనం పావుగంట ఆలస్యమైనందుకు ఈయన మూడేళ్లు ఏజెన్సీలో ఉండి వచ్చారు. పెద్దల భోజనానికి ఏ ఫైలూ, ఏ సీలూ అడ్డం రాకూడదన్నది ప్రోటోకాల్ మొదటి సూత్రం. దానికి కూడా సంతకం అక్కర్లేదు.

"పెద్దవారు ఎప్పట్నించి ఆకలితో ఉన్నారండీ?" అన్నారు, అప్పటికే సీలు మీద చెయ్యి వేసి.

సీలు విరిగింది. హోంగార్డు పక్కకు తప్పుకుని సెల్యూట్ కొట్టింది. పదకొండు నిమిషాల్లో జిల్లాలోని ఫ్రిజ్జులన్నింటికీ ఫోన్లు వెళ్లాయి. సామ్రాజ్యం గారి సీసాను ఐసు డబ్బాలో పెట్టి, తెల్ల గుడ్డ కప్పి, ఎర్ర లైటు జీపులో రోడ్డు దాటించారు. రోడ్డు వెడల్పు నలభై అడుగులు. జీపు తిప్పుకోవడానికి మాత్రం అర కిలోమీటరు పోయి వచ్చారు.

కమలాకరం గారు చెప్పులు విడిచి క్యాంటీనులోకి వెళ్లి, డబ్బా రెండు చేతులా పట్టుకుని, ఆవిడ కాలేయానికి ఎదురుగా నిలబడ్డారు. ఈసారి సరిగ్గా కుడివైపే.

"ఎంజైము గారు లోపల ఉన్నారాండీ?"

సామ్రాజ్యం గారు నా వైపు చూసింది. నేను చేతులు జోడించాను.

"ఉన్నారు," అంది. "ఆకలి మీదున్నారు."

ఆ సాయంత్రమే నిందితురాలు గౌరవనీయ అతిథి అయిపోయింది కాబట్టి ఆశ్రయమిచ్చిన మాకందరికీ ఆఫీసులోకి ప్రవేశం దొరికింది. నిజానికి అలాంటివారికి బస కల్పించినందుకు డైరెక్టరు గారు లోలోపల పొంగిపోయారు. లిఫ్టు గారి నుంచి చార్జి వెనక్కి తీసుకోవడానికి మెకానిక్కును పిలవాల్సి వచ్చింది. ఆయన తలుపు విప్పేసరికి ఫైళ్లతోపాటు ఆరేళ్ల కిందటి ఒక గొడుగు కూడా దొరికింది. కొత్త ఉత్తర్వు జిల్లాలన్నింటికీ వెళ్లింది. 'ఎంజైము గారికి ఇన్సులిన్‌ను చల్లగా భద్రపరచి, భోజనమునకు ముందు, వేళ తప్పక, ప్రతి పూటా సమర్పించవలెను. జాప్యము జరిగిన యెడల సంబంధిత ఆసుపత్రి అధికారి బాధ్యుడు.' నఫీసా గారు దాన్ని రెండుసార్లు చదివి, పదిహేనేళ్లుగా ఆసుపత్రులకు తను చెబుతున్నది ఇదే కదా అని మాత్రం అన్నారు.

ఒక మాటకు ఒకే మాట కాబట్టి పట్టికలో కూడా డిగ్రేడ్‌కు 'ఆరగించు' అని ఎక్కింది. నెల తిరక్కముందే పోలీసు శిక్షణ పుస్తకం కొత్త ముద్రణ మా దగ్గరికి వచ్చింది. అందులో పన్నెండో పేజీలో ఉంది. 'అదుపులోనున్న ఖైదీలను ఏ అధికారియూ ఆరగించరాదు.'

దాన్ని పట్టుకెళ్లి మధ్యాహ్నం క్యాంటీనులో సామ్రాజ్యం గారికి చదివి వినిపించాను. ఆవిడ గరిటె పక్కన పెట్టి, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. తర్వాత సీసా తీసి, లెక్క చూసుకుని, సూది వేసుకుని, తను తినడానికి పళ్లెం పెట్టుకుంది. నాకూ పెట్టింది. దోసకాయ పప్పు, గోంగూర, పెరుగు.

చాలా రోజులుగా చెప్పాలనుకున్నది అప్పుడు చెప్పేశాను. "పిన్నిగారూ, ఆ మాట వేసింది నేనే. తప్పని తెలిసే వేశాను. పంటినొప్పి అని తొందరపడ్డాను. మీకు ఏమన్నా అయ్యుంటే..." అన్నాను. డైరెక్టరు గారి దగ్గర చెప్పినప్పుడు ఇంత కష్టంగా లేదు.

ఆవిడ పప్పు గిన్నె దగ్గరికి లాక్కుంది. కోపం వచ్చిందేమో అనుకున్నాను. వచ్చింది కూడా, పప్పు గరిటె కొంచెం గట్టిగానే నా పళ్లెంలో పడింది.

"ఆ నాలుగు రోజులూ నాకు నిద్ర లేదు మేష్టారూ," అంది. తర్వాత నెయ్యి గిన్నె నా వైపు జరిపింది. "తప్పు కూడా అరిగిపోద్దిలే. ముందు తిను."